ఉన్నట్టుండి మూతి వంకరపోయింది: స్టెరాయిడ్ కాకుండా వేరే దారి ఉందా?

తులసివనం:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి నిన్న పొద్దున లేచేసరికి ముఖం కుడి పక్క కదలడం మానేసింది. పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి మూల నుంచి కారిపోయాయి, అప్పుడు అద్దంలో చూసుకున్నాడు. కుడి కన్ను మూయమంటే రెప్ప సగంలో ఆగిపోతోంది, నల్లగుడ్డు పైకి వెళ్లిపోయి తెల్లగుడ్డు మాత్రమే కనిపిస్తోంది. ముందురోజు చెవి వెనక నొప్పి అన్నాడు కానీ ఎవరం పట్టించుకోలేదు. డాక్టర్ చూసి బెల్స్ పాల్సీ అన్నారు, ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశారు. స్టెరాయిడ్ అనేసరికి ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. ఒకరు పసరు వైద్యం అంటారు, ఒకరు ఆక్యుపంక్చర్ అంటారు, ఇంకొకరు కరెంటు పెట్టిస్తే వారంలో తగ్గిపోతుందంటారు. మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. మందులు లేకుండా తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

చిరుజల్లు:
ముందు ఒక్క మాట చెప్పండి. కనుబొమ్మలు పైకెత్తమంటే కుడి పక్క నుదుటి మీద ముడతలు పడుతున్నాయా? చేతులు, కాళ్లు, మాట సరిగ్గానే ఉన్నాయా? నుదురు కదులుతూ కింది ముఖం మాత్రమే జారిపోతే అది పక్షవాతం కావచ్చు. అలాంటప్పుడు ఇక్కడ రాస్తూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తులసివనం:
ఇప్పుడే చూశాను. ఎడమ పక్క గీతలు పడుతున్నాయి, కుడి పక్క నుదురు నున్నగా ఉంది. చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయి. 'ప', 'బ', 'మ' పలకడానికి ఇబ్బంది పడుతున్నాడు కానీ మాట తడబడటం లేదు. డాక్టర్ కూడా ఇవన్నీ చూశారు.

ఈఎన్‌టీ_డాక్టర్:
చిరుజల్లు గారు సరైన ప్రశ్న అడిగారు. నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. అందుకే మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా నుదురు చాలావరకు కదులుతూనే ఉంటుంది. బెల్స్ పాల్సీలో దెబ్బతినేది మెదడు నుంచి బయటికొచ్చిన నరం, కాబట్టి నుదురుతో సహా ఆ సగమంతా ఆగిపోతుంది. అలాగని ఇంట్లో ఈ పరీక్ష ఒక్కటే చేసుకుని నిర్ధారించుకోకండి, డాక్టర్ చూసి తేల్చాల్సిందే. మీ తమ్ముడి విషయంలో ఆ పని అయింది.

ఇప్పుడు మాత్రల సంగతి. ముఖ కండరాలను నడిపేది ఏడో కపాల నాడి. అది చెవి వెనక ఎముకలో ఒక సన్నటి సొరంగం గుండా వస్తుంది. ఆ సొరంగం అన్నిటికంటే ఇరుకుగా ఉన్నచోట వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో నరం వాస్తే, బిగుతు ఉంగరం ఉన్న వేలు వాచినట్టు, ఎటూ పోలేక నలుగుతుంది. ఎప్పటినుంచో నరంలో అణిగి ఉన్న హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ మళ్లీ లేవడం వల్ల ఈ వాపు వస్తుందని బలమైన అనుమానం. స్టెరాయిడ్ చేసే పని ఆ వాపును దించడం. నరం నలిగి దెబ్బతినకముందే దించాలి కాబట్టే 72 గంటల్లోపు మొదలుపెట్టమంటాం.

స్కాట్లాండ్‌లో చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో 551 మందిని తీసుకున్నారు. ప్రెడ్నిసొలోన్ రోజుకు రెండుసార్లు 25 మిల్లీగ్రాముల చొప్పున 10 రోజులు ఇచ్చారు. మూడు నెలలకి అది వేసుకున్నవాళ్లలో 83 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, వేసుకోనివాళ్లలో 64 శాతం. తొమ్మిది నెలలకి చూస్తే 94, 82. ఇంత తక్కువ రోజుల కోర్సుకి ఇంత తేడా అంటే చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడేవాళ్లకి వచ్చే ఎముకల అరుగుదల, ముఖం ఉబ్బడం లాంటివి ఈ కోర్సులో భయపడాల్సినవి కావు. నిద్ర సరిగ్గా పట్టకపోవచ్చు, కడుపులో మంట రావచ్చు. ఉదయం ఏదైనా తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. షుగర్, బీపీ, అల్సర్ ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి.

వేరే దారుల గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు ఈ పూటే మాత్ర మొదలుపెట్టించండి.

ఆకుపచ్చ_దారి:
డాక్టర్ గారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఆక్యుపంక్చర్‌ని ఒక్క మాటతో పక్కన పెట్టేయొద్దు. నాకు ఇదే జబ్బు వచ్చినప్పుడు సూదులు పెట్టించుకున్నాను. మొదటి కొన్ని సిటింగ్‌ల తర్వాత పెదవి మూల కదలడం మొదలైంది, తర్వాత పూర్తిగా తగ్గింది. ఏంజెలీనా జోలీ కూడా తనకి బెల్స్ పాల్సీ వచ్చిందనీ, ఆక్యుపంక్చర్ వల్లే తగ్గిందనీ 2017లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఇంతమంది అనుభవం అబద్ధం కాదు కదా?

అంకెల_గూడు:
ఎవరి అనుభవమూ అబద్ధం కాదండీ. కానీ తగ్గడానికి కారణం ఏమిటన్నది వేరే ప్రశ్న. కోపెన్‌హాగన్‌లో వేలమంది ముఖ పక్షవాతం రోగులను ఏ మందూ ఇవ్వకుండా ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. వాళ్లలో బెల్స్ పాల్సీ ఉన్నవాళ్లు 1,701 మంది. అందులో 71 శాతం మందికి వాటంతటవే పూర్తిగా నయమైంది. 85 శాతం మందిలో మొదటి మూడు వారాల్లోనే కదలిక మొదలైంది.

దీని అర్థం చూడండి. జబ్బు వచ్చినప్పుడు ఎవరూ ఊరికే కూర్చోరు. ఒకరు పసరు రాస్తారు, ఒకరు సూదులు పెట్టించుకుంటారు, ఒకరు తైలం మర్దన చేయించుకుంటారు. మూడో వారంలో పెదవి కదులుతుంది. అప్పుడు ఏం చేస్తూ ఉంటే దానికే పేరొస్తుంది. ఆ పసరు ఇచ్చినాయన మోసగాడు కానక్కర్లేదు, తన చేతి మందుతోనే తగ్గిందని ఆయన కూడా మనసారా నమ్ముతాడు. పది మందికి ఇస్తే ఏడుగురికి తగ్గుతుంటే ఎవరైనా నమ్ముతారు. మిగిలిన ముగ్గురి గురించే నా బాధ. ఆ ముగ్గురిలో ఒకరిద్దరిని 72 గంటల్లోపు మాత్రతో కాపాడి ఉండొచ్చు. వాళ్లు మళ్లీ ఆ గుమ్మం తొక్కరు, కాబట్టి వాళ్ల సంగతి ఆయనకి తెలియదు.

ఆక్యుపంక్చర్ మీద మంచి పరిశోధన కూడా ఒకటి ఉంది. చైనాలో 11 ఆసుపత్రుల్లో 338 మందితో చేసింది, 2013లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. సూదిని గట్టిగా తిప్పుతూ ప్రేరేపించినవాళ్లకి, ఊరికే గుచ్చి వదిలేసినవాళ్లకంటే ఆరు నెలలకి మెరుగ్గా ఉంది. కానీ ఇందులో రెండు సంగతులు మరిచిపోకూడదు. రెండు గుంపులకీ ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. అసలు సూదులే పెట్టని గుంపు అందులో లేదు. అంటే స్టెరాయిడ్ బదులు సూదులు చాలని అది చెప్పలేదు.

ఆకుపచ్చ_దారి:
ఇలా ఎవరూ వివరంగా చెప్పలేదు. నేను కూడా మాత్రలు వేసుకుంటూనే సూదులు పెట్టించుకున్నాను, ఆ మాట ముందే రాయాల్సింది. మాత్రలతో పాటు చేయించుకుంటే నష్టం ఉందా?

ఈఎన్‌టీ_డాక్టర్:
ఒక్కసారి వాడి పారేసే సూదులతో, శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర అయితే పెద్ద నష్టం లేదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల 2013 మార్గదర్శకాల్లో దీన్ని చేయించుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆధారాలు సరిపోలేదన్నారు. నేను కూడా పేషెంట్లకి అదే చెబుతాను: మాత్రలు మానకండి, కంటిని కాపాడుకోండి, ఆ తర్వాత సూదులు మీ ఇష్టం.

వైద్య_వారధి:
నేను ఆయుర్వేదం చదువుకుని ప్రాక్టీసు చేస్తున్నాను. మా శాస్త్రంలో ఈ జబ్బును అర్దితం అంటారు. నస్యం (ముక్కులో మందు వేయడం), అభ్యంగం (తైలం మర్దన), స్వేదనం (చెమట పట్టించడం) లాంటి చికిత్సలు చెప్పారు. అలాంటి శాస్త్రం చదివినదాన్ని కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. నా దగ్గరికి మొదటి మూడు రోజుల్లో వచ్చినవాళ్లని ముందు ఈఎన్‌టీ దగ్గరికో న్యూరాలజిస్టు దగ్గరికో పంపుతాను. గోరువెచ్చని తైలంతో మెల్లగా మర్దన చేయించుకుంటే హాయిగా ఉంటుంది, బిగుసుకున్న కండరం వదులవుతుంది, అందులో తప్పేం లేదు. నరం దానివల్లే కోలుకుంటుందని మాత్రం నేను ఎవరికీ మాట ఇవ్వను.

కొన్నిటికి మాత్రం ఖచ్చితంగా వద్దంటాను. కంట్లో పసరు పోయించుకోవద్దు. రెప్ప మూతపడని కన్ను అసలే ఎండిపోయి ఉంటుంది, అందులో శుభ్రం లేని రసం పడితే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. ముఖానికి ఆవిరి పట్టేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. మీరు కన్ను మూసుకున్నానని అనుకుంటారు, కానీ అది తెరిచే ఉంటుంది. పేరూ వివరాలూ లేని భస్మాలు, పొడులు మింగొద్దు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందని 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. సీసం నరాలనే దెబ్బతీసే విషం. నరాల జబ్బుకి అలాంటిది మింగడమేమిటో మీరే ఆలోచించండి.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ప్రెడ్నిసొలోన్ వేసుకునే రోజుల్లో అతిమధురం ఉన్న కషాయాలు తాగొద్దు. రెండూ కలిస్తే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరగవచ్చు.

తులసివనం:
ఈ పూట మాత్ర వేయించాం. వైద్య_వారధి గారూ, మీరు చెప్పడం వల్లే అమ్మ ఒప్పుకుంది, చాలా థాంక్స్ అండీ. కంటికి చుక్కలు కూడా రాశారు. పగలు అవి వేస్తే సరిపోతుందా?

కంటి_సేవిక:
నేను కంటి వార్డులో నర్సుని, ఇది నేను చెబుతాను. ముఖం నెలల తర్వాతైనా బాగుపడొచ్చు, నల్లగుడ్డు మీద పడిన మచ్చ అలా పోదు. అందుకే నా దృష్టిలో ఈ జబ్బులో అన్నిటికంటే ముందు చూడాల్సింది కన్నే. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు వేయండి. మంట పుట్టాక వేద్దామని ఆగకుండా గంట గంటకీ వేస్తే ఇంకా మంచిది. బయటికి వెళితే పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు పెట్టించండి. ఫ్యాన్ గాలి నేరుగా ముఖం మీద పడకుండా చూడండి.

రాత్రి పద్ధతి ఇదీ: కింది రెప్పను కొంచెం లాగి లోపల ఆయింట్‌మెంట్ సన్నగా ఒక గీతలా పెట్టండి. తమ్ముణ్ని కిందికి చూడమనండి. చూపుడు వేలు వెనక భాగంతో పై రెప్పను మెల్లగా కిందికి దించండి. పూర్తిగా మూతపడిందని చూసుకున్నాకే సర్జికల్ పేపర్ టేపు ముక్కను రెప్ప మీద అడ్డంగా అంటించండి. దూదో గాజుగుడ్డో నేరుగా కంటి మీద పెట్టి కట్టేయకండి. లోపల రెప్ప తెరుచుకుంటే ఆ గుడ్డే నల్లగుడ్డును గీరేస్తుంది. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి.

మామిడిపూత:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా వారికి మొన్నటి నుంచి ఇలాగే ఉంది, పైగా చెవిలో భరించలేని నొప్పి. ఇవాళ చూస్తే చెవి డొప్పలో చిన్న చిన్న నీటి పొక్కులు. తల కూడా తిరుగుతోందంటున్నారు. ఇదీ అదేనా?

ఈఎన్‌టీ_డాక్టర్:
కాదు, ఇది వేరే. మీరు చెప్పేదాన్ని బట్టి రామ్‌సే హంట్ సిండ్రోమ్‌లా ఉంది. ఆటలమ్మ తెచ్చే వైరసే ఏళ్ల తర్వాత ముఖ నాడిలో మళ్లీ లేస్తుంది. పొక్కులు, విపరీతమైన చెవినొప్పి, తలతిరుగుడు, వినికిడి తగ్గడం, ఇవన్నీ దాని గుర్తులు. ఇది బెల్స్ పాల్సీ కంటే గట్టిది, దానంతట అది పూర్తిగా తగ్గే అవకాశం తక్కువ. స్టెరాయిడ్‌తో పాటు వైరస్ మందు కూడా వెంటనే మొదలుపెట్టాలి. ఇవాళే తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. పాటగాడు జస్టిన్ బీబర్ 2022లో కదలని సగం ముఖంతో వీడియో పెట్టింది ఈ జబ్బు వచ్చినప్పుడే.

మామిడిపూత:
బయల్దేరుతున్నామండీ.

ఫిజియో_మిత్ర:
కరెంటు గురించి అడిగారు కదా. ఇందులో నా అభిప్రాయం కొంతమంది తోటి ఫిజియోలకి నచ్చదు, అయినా చెబుతాను. ముఖానికి విద్యుత్ ప్రేరణ ఇస్తే మామూలుగా కంటే బాగా కోలుకుంటారని పరిశోధనల్లో తేలలేదు. కండరం టకటకా కొట్టుకుంటుంటే చూసేవాళ్లకి ఏదో జరుగుతోందని ధైర్యంగా ఉంటుంది, అంతే. అదే సమయం మెల్లటి మర్దన మీదా, అద్దం ముందు వ్యాయామం మీదా పెట్టడం మంచిదని నేను అంటాను.

బుడగలు ఊదమనీ, చూయింగ్ గమ్ నమలమనీ కూడా సలహాలిస్తుంటారు. నమిలే కండరాలను నడిపేది ఐదో నాడి. అది అసలు దెబ్బతినలేదు కాబట్టి రోజంతా నమిలినా ముఖ కండరానికి వ్యాయామం కాదు. బుడగ ఊదడంలో ముఖమంతా ఒక్కసారిగా బిగపట్టాలి. నరం తిరిగి పెరిగే దశలో అలా మొత్తం కలిపి బలం పెడితే, తప్పు కండరాలు కలిసి కదలడం అలవాటైపోతుంది.

ఇలా చేయించండి. అద్దం ముందు కూర్చోబెట్టండి. బాగున్న పక్క చెంప మీద వేళ్లు ఆనించి, అది మరీ ఎక్కువగా లాగకుండా పట్టుకోమనండి. పెదవి మూలను గోరంత పక్కకి కదపమనండి. అది కదిలేటప్పుడు కన్ను కూడా చిన్నదవుతోందేమో చూడమనండి. అవుతుంటే కదలికను ఇంకా తగ్గించాలి. అలసిపోయేదాకా చేయకూడదు. కదలికే రాని మొదటి వారాల్లో బలవంతంగా ప్రయత్నించడం కంటే రోజూ మెల్లగా రుద్దుకోవడం చాలు.

నిశ్శబ్ద_నది:
ఫిజియో_మిత్ర గారు చెప్పిన ఆ తప్పు కదలిక నాకుంది. నాకు జబ్బు వచ్చి ఏళ్లు గడిచాయి. అప్పట్లో చికిత్స చేసినవాళ్లు రోజూ గట్టిగా కరెంటు పెట్టేవారు, ఇంటికెళ్లి ముఖమంతా బిగించి వదలమనేవారు. తిరిగి పెరిగేటప్పుడు నరం పోగులు దారి తప్పాయి. ఇప్పుడు నవ్వితే కన్ను మూసుకుపోతుంది, తినేటప్పుడు అదే కంట్లోంచి నీళ్లు కారతాయి. ఆ చికిత్స వల్లే ఇలా అయిందని నేను తేల్చి చెప్పలేను, నా నరం మొదట్లోనే బాగా దెబ్బతింది. అయితే ఇన్నేళ్ల తర్వాత కూడా దారి ఉందని చెప్పడానికే రాస్తున్నాను. నెదర్లాండ్స్‌లో మొదలైన మైమ్ థెరపీ అనే పద్ధతి ఒకటుంది. ముఖాన్ని వదులు చేయడం, కంటినీ పెదవినీ విడివిడిగా కదపడం, ఒక్కో భావానికి ఒక్కో కదలిక నేర్చుకోవడం. దానికి దగ్గరి పద్ధతి నాకు ఇప్పుడు నేర్పుతున్నారు. కంటి చుట్టూ తక్కువ మోతాదులో బొటాక్స్ (కండరాన్ని వదులు చేసే ఇంజెక్షన్) కూడా వేయించుకుంటాను, కొన్ని నెలలు కన్ను తెరుచుకుని నవ్వగలుగుతాను.

మీ తమ్ముడు నలుగురిలోకి వెళ్లనంటే బలవంతపెట్టకండి, ఒంటరిగా కూడా వదలకండి. 1993 నుంచి 2003 దాకా కెనడా ప్రధానిగా చేసిన జాన్ క్రెత్యెన్‌కి చిన్న వయసులో ఇదే జబ్బు వచ్చి నోరు ఒక పక్క అలాగే ఉండిపోయింది. ఆ ముఖంతోనే జీవితమంతా వేదికలెక్కి మాట్లాడారు. నాకు బాగా కుంగిపోయిన రోజుల్లో ఈ విషయం తెలిసి ఎంతో ఊరటనిచ్చింది.

కొత్తకలువ:
నాకు ఎనిమిదో నెల. మా అక్కకి కూడా కడుపుతో ఉన్నప్పుడు ఇలా వచ్చింది. ఇప్పుడు నాకు వస్తే మందులు వాడొచ్చా?

ఈఎన్‌టీ_డాక్టర్:
చివరి మూడు నెలల్లోనూ, కాన్పయిన మొదటి వారంలోనూ ఇది కొంచెం ఎక్కువగానే వస్తుంది. మీ అక్కకి వచ్చింది కాబట్టి మీకు వస్తుందని లేదు, ఇప్పటినుంచే బెంగపడకండి. ఒకవేళ వస్తే మీ గైనకాలజిస్టుకి అదే రోజు చెప్పండి, ముందు బీపీ చూస్తారు. స్టెరాయిడ్ వాడాలా వద్దా అన్నది ఇద్దరు డాక్టర్లు కలిసి నిర్ణయిస్తారు. ఆ సమయంలో తెలియని మూలికలు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

మామిడిపూత:
మా వారిని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టర్ గారు చెప్పినదే నిజమైంది, రెండు మందులూ మొదలుపెట్టారు. తలతిరుగుడు కొంచెం తగ్గింది. మీరు చెప్పకపోతే మామూలు వేడి పొక్కులని ఏదో రాసి ఊరుకునేవాళ్లం.

తులసివనం:
కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చాను. మాత్రల కోర్సు పూర్తయింది. కుడి పెదవి మూల ఇప్పుడిప్పుడే కదులుతోంది. పెద్ద చప్పుళ్లు విపరీతంగా వినిపిస్తున్నాయని గోల పెట్టేవాడు, అదీ తగ్గింది. రుచి తెలుస్తోందట. నుదురు మాత్రం ఇంకా కదలట్లేదు. మా బంధువు ఒకాయన బి12 ఇంజెక్షన్లు వేయిస్తే త్వరగా అవుతుందంటున్నారు. ఇంకా, కన్ను మూతపడుతున్నట్టే ఉంది కదా, రాత్రి టేపు తీసేయొచ్చా?

ఈఎన్‌టీ_డాక్టర్:
చాలా మంచి మాట. కదలిక ఇంత త్వరగా మొదలవడం శుభసూచకం. నుదురు చాలామందిలో ఆలస్యంగానే వస్తుంది. బి12లో ఒక రకమైన మిథైల్‌కోబాలమిన్ మీద చిన్న పరిశోధనలు ఉన్నాయి, లాభం ఉండొచ్చన్నారు. అయితే అవి తక్కువ మందితో చేసినవి. రక్తంలో బి12 తక్కువుంటే తప్పకుండా ఇవ్వాలి, సరిపడా ఉంటే తొందరేం లేదు. నరం పోగులు దెబ్బతిన్నచోట తిరిగి పెరగడం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే జరుగుతుంది. ఆ వేగాన్ని ఖాయంగా పెంచే మందు ఏదీ ఇంకా చేతికి రాలేదు.

కంటి_సేవిక:
టేపు సంగతి నేను చెబుతాను. మెలకువగా ఉన్నప్పుడు గట్టిగా మూసి చూపించడం వేరు, నిద్రలో మూతపడటం వేరు. టేపు లేకుండా మధ్యాహ్నం ఒక కునుకు తీయనివ్వండి, దగ్గరగా వెళ్లి చూడండి. రెప్పల మధ్య సన్నటి సందు కనిపించినా రాత్రి టేపు, ఆయింట్‌మెంట్ కొనసాగించాల్సిందే.

తులసివనం:
చూశాను, ఇంకా సందు ఉంది. టేపు మానట్లేదు. మళ్లీ డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?

ఈఎన్‌టీ_డాక్టర్:
కన్ను ఇబ్బంది పెడితే ఎప్పుడైనా. లేకపోతే మూడు నెలలు నిండాక ఒకసారి తప్పకుండా తీసుకెళ్లండి. అప్పటికీ ముఖం పూర్తిగా సర్దుకోకపోతే మళ్లీ పరీక్షించి, అవసరమైతే ఎమ్మారై తీయిస్తారు. ఈలోగా బాగుపడుతున్నది మళ్లీ వెనక్కి వెళ్లినా, రెండో పక్కకి వచ్చినా, చెవి కింద గడ్డలా తగిలినా, వినికిడి తగ్గినా మూడు నెలలదాకా ఆగొద్దు.